కొట్టులో అల్లరి పిల్లలు: జీతంలో 650 కోత పడిన అమ్మాయికి

నువ్వు అడిగింది ఇదీ. గోవిందరాజస్వామి గుడి దగ్గర ఫ్యాన్సీ, బొమ్మల కొట్టులో చేరి రెండు నెలలైంది. పోయిన ఆదివారం ఐదేళ్ళ బాబు ఒకడు గాజు కృష్ణుణ్ణి తీసి ఆడుకుంటుంటే, నువ్వు వాడి చెయ్యి పట్టుకుని ఆపబోయావు. బొమ్మ జారి పగిలింది. వాళ్ళమ్మ "మా బిడ్డ మీద చెయ్యి వేస్తావా" అని నలుగురిలో అరిచింది. ఓనరు వాళ్ళను ఏమీ అనకుండా పంపించేసి, నెలాఖరున నీ జీతంలో 650 కోశాడు. ఇకమీదట ఇలాంటి పిల్లల్ని గదమాయించవచ్చా, పట్టుకుని ఆపవచ్చా, అసలు ఈ పని నా వల్ల అవుతుందా అన్నావు.

తిరుపతి కొట్లలో నిలబడి నాకు 21 ఏళ్ళు. మొదట ఆరేళ్ళు రెడీమేడ్ బట్టలు, తర్వాత మూడేళ్ళు ఇత్తడి సామాను, ఇప్పుడు పన్నెండేళ్ళుగా బొమ్మలు, ఫ్యాన్సీ. నాకు ఇద్దరు పిల్లలు, ఇద్దరూ చిన్నప్పుడు ఇంటిని చావడి చేసినవాళ్ళే. కాబట్టి తీరిగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

గదమాయించవచ్చా? వద్దు. న్యాయం నీ పక్క ఉన్నా వద్దు. నువ్వు నోరు చేసుకున్న క్షణం నుంచి గొడవ గాజు కృష్ణుణ్ణి వదిలేసి నీ నోటి మీదికి వస్తుంది. నీకు జరిగింది అదేగా. పట్టుకోవచ్చా? ప్రమాదం ఉంటే తప్ప వద్దు. వాడు నిచ్చెన ఎక్కుతున్నాడు, టేబుల్ ఫ్యాన్‌లో వేలు పెడుతున్నాడు, ఆటోల మధ్యకి పరిగెత్తుతున్నాడు, అలాంటప్పుడు ఎవరేమనుకున్నా పట్టుకో. అప్పుడు కూడా మణికట్టు పట్టి గుంజొద్దు. ఐదేళ్ళలోపు పిల్లల్ని చెయ్యి పట్టి ఒక్కసారిగా లాగితే మోచేతి దగ్గర ఎముక పట్టు తప్పుతుంది. డాక్టరు చేతిలో పడితే అది నిమిషంలో సర్దుకుంటుంది గానీ, అంతవరకూ వాడు పెట్టే ఏడుపుకి వీధంతా మన కొట్టు ముందే ఉంటుంది. చంకల కింద రెండు చేతులూ వేసి ఎత్తుకో. లేదంటే వాడికి ఎదురుగా పోయి గొంతుక్కూర్చో. దారి మూసుకుపోతే పిల్లలు వాళ్ళంతట వాళ్ళే ఆగుతారు. నేను చాలాసార్లు అలాగే ఆపాను.

ఇప్పుడు అసలు సంగతి. మన కొట్టుకి వచ్చే పిల్లలు ఏ స్థితిలో వస్తారో ఒకసారి లెక్కవెయ్యి. హైదరాబాదు నుంచో, బళ్ళారి నుంచో, విజయవాడ నుంచో రాత్రంతా రైల్లో. తెల్లవారుజామున మూడింటికి లేపి తలమీద నీళ్ళు పోశారు. కొందరిని అలిపిరి నుంచి 3,550 మెట్లు, సగం నడిపించి సగం మోసి, ఎక్కించారు. పైన గుండు. కత్తి చూడగానే గుక్కపట్టి ఏడ్చి ఉంటాడు. ఆ తర్వాత క్యూ కాంప్లెక్సులో కంపార్ట్‌మెంట్. రద్దీ రోజుల్లో సర్వదర్శనానికి 20 గంటలు దాటడం మనకేమీ కొత్త కాదు కదా. అన్ని గంటలూ వాడు విన్నది మూడే మాటలు: కదలొద్దు, అరవొద్దు, అటు పోవద్దు. తీరా లోపలికి పోతే "జరగండి, జరగండి" అని తోసేశారు, నాన్న భుజం మీద నుంచి వాడికి ఏం కనిపించిందో స్వామికే ఎరుక. కిందికి దిగేటప్పుడు ఘాట్ రోడ్డు వంపుల్లో ఒక వాంతి. రూమ్ ఖాళీ చేసేశారు, రైలు సాయంత్రం ఆరింటికి, మధ్యలో మిగిలిన రెండు గంటలు గడపడానికి మన వీధిలోకి వచ్చారు.

రెండు రోజులుగా వాడికి చేతికందే ఎత్తులో, అడ్డం కట్టకుండా, రంగురంగుల వస్తువులు కనిపించిన మొదటి చోటు మన కొట్టు. ఎగబడక ఏం చేస్తాడు?

జాలి సంగతి అటుంచు. ఇది తెలిస్తే నీ పనికి ఒక లాభం ఉంది. బోడి గుండు, దానిమీద చందనం కనిపించగానే, ఈ బిడ్డకి పది నిమిషాల ఓపిక కూడా మిగల్లేదని నీకు తెలిసిపోవాలి. నేను అలాంటి కుటుంబం గడప ఎక్కగానే ధర చెప్పను, సరుకు చూపించను. ముందు స్టూలు జరిపి "కూర్చోండమ్మా, బాబుకి మంచినీళ్ళు కావాలా" అంటాను. నూటికి ఎనభై మంది పిల్లలకి, నీళ్ళు తాగి ఫ్యాను కింద ఐదు నిమిషాలు కూర్చుంటే సగం అల్లరి అక్కడే పోతుంది. ఎనభై అన్నది నా కంటి లెక్కలే, ఎవరూ కొలవలేదు. చాక్లెట్ మాత్రం పెద్దవాళ్ళని అడగకుండా ఇవ్వొద్దు. ఒకసారి నేను ఇచ్చిన పాలకోవా తిన్న పాపకి ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయి, పాలు పడవని వాళ్ళమ్మ తర్వాత చెప్పింది.

చందనం అంటే గుర్తొచ్చింది. బట్టల కొట్టులో ఉన్నప్పుడు మాకు పెద్ద తలనొప్పి అదే. గుండు పిల్లలు హ్యాంగర్లకి తగిలించిన గౌన్ల మధ్య దూరి దాగుడుమూతలు ఆడేవాళ్ళు. బయటికొచ్చేసరికి తెల్ల గౌనుకి పసుపు చార. దాంతో పాటు లడ్డూ తిన్న నేతి చేతులు. పట్టు లంగా మీద నెయ్యి పడితే ఇక అది సగం ధరకే. మేము ఏం చేశామంటే, తెల్లవి, పట్టువి వెనక గదికి మార్చి, ముందు వరసలో ముదురు రంగు కాటన్‌వి పెట్టాం. గల్లా పక్కన తడిగుడ్డ ఒకటి. "అబ్బోడా, రా, చేతులు తుడుస్తా" అంటే ఏ తల్లీ తప్పుపట్టలేదు, పైగా "ఎంత బాగా చూసుకుంటున్నావమ్మా" అన్నారు. కాపాడుకుంటున్నది మా గౌన్లని అని వాళ్ళకి చెప్పలేదులే.

నీ కొట్టుకి వద్దాం. మనం ఒప్పుకోవడానికి ఇష్టపడని ఒక విషయం ఉంది. ఆ పిల్లోణ్ణి లోపలికి పిలిచింది మనమే. గుమ్మంలో నిలబడి నీటి బుడగలు ఊదేది మనం. కీ ఇస్తే డోలు కొట్టే కోతిని మెట్టు మీద పెట్టేది మనం. కొత్తగా చేరిన ప్రతి సేల్స్ పిల్లకీ ఓనర్లు నేర్పే మొదటి పాఠం నీకూ చెప్పే ఉంటారు: "అమ్మకి చూపించొద్దు, బిడ్డ చేతిలో పెట్టు. వాడు వదలడు, ఆమె కొంటుంది." నేనూ ఎన్నేళ్ళో అలాగే అమ్మాను. అలా చేతిలో పెట్టి, అరగంట తర్వాత అదే బిడ్డని "ముట్టుకోవద్దురా" అంటే వాడికి ఎక్కడ అర్థమవుతుంది? ఒక వస్తువు ముట్టుకుంటే నవ్వే అక్క, పక్క వస్తువు ముట్టుకుంటే కళ్ళు ఉరుముతోంది. వాడు రెండూ ముట్టుకుని చూస్తాడు.

అందుకని మాటల కంటే ముందు అరలు మార్చు. ఐదేళ్ళ బిడ్డ ఎత్తు సుమారు మూడున్నర అడుగులు. చెయ్యి చాపితే నాలుగు, నాలుగుంపావు అడుగుల దాకా అందుతుంది. గాజు, పింగాణీ, పాలరాయి పొడి బొమ్మలు నాలుగున్నర అడుగుల పైన మాత్రమే ఉండాలి. కింది అరల్లో కొయ్య బొమ్మలు, గుడ్డ బొమ్మలు, రబ్బరు బంతులు, లక్కపిడతలు. కింద పడితే శబ్దం వస్తుంది, అంతే. కౌంటరు అంచుమీద గంటల దండ, చిన్న ఇత్తడి దీపాలు పెట్టడం చాలా కొట్లలో అలవాటు. అంచు నుంచి జానెడు లోపలికి జరుపు. మీ కొట్టులో గాజు బొమ్మలు కింద ఎందుకున్నాయో నాకు తెలుసు. కింద ట్యూబ్‌లైట్ వెలుగు బాగా పడుతుంది, మెరుస్తాయి. పై అరకి ఒక ఎల్‌ఈడీ స్ట్రిప్ అంటించమని మీ ఓనరుకి చెప్పు. అది ఒక కృష్ణుడి ధరకే వస్తుంది.

ఇంకొకటి, ఇది నా సొంత తెలివి, నాకు కాస్త గర్వం కూడా. గల్లా పక్కన ఒక వెదురు బుట్ట పెట్టాను. కీ పోయిన కోతి, చక్రం ఊడిన బండి, ఒక కన్ను లేని కుందేలు, అమ్ముడుపోని విజిల్ లేని చిలకలు, అన్నీ అందులో. విజిల్ ఉన్నవి మాత్రం వేయొద్దు, సాయంత్రానికి నీకు పిచ్చెక్కుతుంది. బిడ్డ రాగానే "ఈ బుట్ట అంతా నీదే, ఏదైనా తీసుకో" అంటాను. ముట్టుకోనిచ్చే చోటు ఒకటి ఉంటే ముట్టుకోకూడని చోటు గురించి చెప్పడం తేలిక. రెండేళ్ళు, మూడేళ్ళ పిల్లలకి చేత్తో తాకి, నోట్లో పెట్టుకుంటే గానీ వస్తువు ఏమిటో తెలియదు. దాన్ని అల్లరి అనుకోవడం మన పొరపాటు. నోట్లో పెట్టుకునే వయసు కాబట్టి ఆ బుట్టలో ఊడివచ్చే చిన్న ముక్కలు ఉండకూడదు. రోజూ పొద్దున బోణీకి ముందు నేనే తడిమి చూస్తాను.

ఆరేడేళ్ళ వాళ్ళకి బుట్ట చాలదు. వాళ్ళకి పని ఇవ్వు. "తంబీ, ఆ మూల గంటలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చెప్పు." "బుజ్జమ్మా, ఈ కవరు పట్టుకో, అమ్మ గాజులు ఇందులో వేద్దాం." పెద్దమనిషిలా పట్టుకుని నిలబడతారు.

మాట్లాడే పద్ధతి గురించి. మన గిరాకీలో సగం తమిళం, కన్నడం, కొంత హిందీ. నువ్వు తెలుగులో ఎంత ముద్దుగా చెప్పినా బెంగళూరు పిల్లోడికి నీ మొహమే కనిపిస్తుంది, మాట కాదు. రెండు మూడు ముక్కలు నేర్చుకో. చాలామంది "ముట్టుకోవద్దు" నేర్చుకుంటారు: తొడాదే, ముట్టబేడ, మత్ ఛూనా. నేను చెప్పేది, "ఇటు రా" నేర్చుకో: ఇంగ వా కన్నా, ఇల్లి బా పుట్టా, ఇధర్ ఆవో బేటా. వద్దు అన్న మాట వాడు రెండు రోజులుగా వింటూనే ఉన్నాడు, చెవికి ఎక్కదు. రమ్మంటే వస్తాడు. వస్తే చేతిలో ఉన్నది కూడా నీ దగ్గరికే వస్తుంది. గాజు వస్తువు చేతిలో ఉన్న బిడ్డ మీదికి ఎప్పుడూ ఉరకొద్దు, అరవొద్దు. ఉలిక్కిపడితే వదిలేస్తాడు. నీ కృష్ణుడు పోయింది అలాగే, నీకు కోపం రాకపోతే చెబుతున్నా. నువ్వు అరచెయ్యి చాపి "నాకిస్తావా" అని ఉంటే మొత్తం ఆరు వందల యాభై మిగిలేది. పదిసార్లు అడిగితే తొమ్మిదిసార్లు ఇస్తారు.

కొందరు తల్లులు మనల్నే బూచిని చేస్తారు. "చూడు, ఆ ఆంటీ కొడుతుంది." "ఆ అక్క సూది వేస్తుంది." నేను ఆ వేషం కట్టను. నవ్వుతూ "నేను కొట్టను నాయనా, కానీ ఆ బొమ్మ ఇక్కడ పెట్టేద్దాం పట్టు" అంటాను. తల్లి పరువు పోలేదు, బిడ్డకి నా మీద భయం లేదు, బొమ్మ అరలోకి వచ్చింది.

పెద్దవాళ్ళతో ఎలా చెప్పాలన్నదే అన్నిటికంటే కష్టం. మన కొట్టులోకి ఒంటరిగా తల్లీ బిడ్డా రావడం తక్కువ. అత్తగారు, ఆడబిడ్డ, తోటికోడలు, అందరూ కలిసి వస్తారు. ఆ గుంపులో నువ్వు "మీ బాబు చూడండి ఏం చేస్తున్నాడో" అన్నావనుకో, ఆ మాట కోడలి చెవిలో పడేలోపు అత్తగారి కళ్ళు కోడలి మీద పడతాయి. పిల్లోణ్ణి సరిగ్గా పెంచలేదన్న మాట అక్కడ ఎవరూ అనక్కర్లేదు. ఆ మంటని ఆమె అత్త మీద చూపించలేదు, మొగుడి మీద చూపించలేదు. చూపించడానికి జీతానికి నిలబడిన నువ్వున్నావు. ఆ రోజు నీమీద అరిచినామె వెనక ఎవరెవరున్నారో గుర్తు చేసుకో.

అందుకే ఫిర్యాదులా చెప్పొద్దు, బిడ్డ క్షేమంలా చెప్పు. "అమ్మా, ఆ మూల గాజు ఉంది, బాబు చెయ్యి కోసుకుంటాడేమోనని భయంగా ఉంది." ఈ మాట అబద్ధం కాదు, ఎవరి పరువూ తీయదు. ఇంకా మంచిది, నానమ్మనో తాతనో పట్టుకో. "పెద్దమ్మా, మీరు ఈడ కూర్చోండి, మనవణ్ణి ఒళ్ళో పెట్టుకోండి, ఆయన మీ మాటే వింటాడు" అంటే ఆమె ముఖం వెలిగిపోతుంది. ఫోన్ చూసుకుంటూ నిలబడిన నాన్నల్ని మాత్రం నేను నేరుగా పిలుస్తాను: "సార్, కొంచెం బాబుని చూసుకోండి, మేడమ్ గాజుల సైజు చూస్తున్నారు." ఎందుకో ఈ పని తల్లికే చెప్పడం మనందరికీ అలవాటు.

పగిలిందా, ముందు కాళ్ళు చూడు. మన దగ్గరికి వచ్చే యాత్రికుల్లో చాలామంది చెప్పులు లేకుండా ఉంటారు. "కదలకండి, గాజు ఉంది" అని అందరినీ ఆపి, బిడ్డని ఎత్తుకోమని చెప్పి, ఊడ్చు. ఆ రెండు నిమిషాల్లో వేడి చల్లారుతుంది, చాలామంది వాళ్ళే "ఎంతమ్మా" అని అడుగుతారు. డబ్బు మాట నువ్వు ఎత్తొద్దు, అది గల్లాలో కూర్చున్న వాళ్ళ పని. నేను గల్లాలో ఉంటే అమ్మే ధర అడగను, మేము కొన్న ధర చెబుతాను. అది కూడా ఇవ్వనంటే పోనిస్తాను. "పగలగొడితే డబ్బు కట్టాలి" అన్న బోర్డు ఒక కొట్టులో నాలుగు భాషల్లో పెట్టి చూశాం. పగలడం తగ్గలేదు, గొడవలు మాత్రం ముందే మొదలయ్యేవి.

ఒక సంగతి చెప్పాలి, ఇది నాకు గొప్ప కాదు. ఇత్తడి సామాను కొట్టులో ఉన్నప్పుడు తొమ్మిదేళ్ళ అబ్బాయి ఒకడు కింది అరలోని దీపాలన్నీ తీసి నేలమీద వరసగా పేరుస్తున్నాడు. చిన్నది, దానికంటే పెద్దది, దానికంటే పెద్దది. నడిచే దారి మూసుకుపోయింది. రెండుసార్లు చెప్పాను, తల కూడా ఎత్తలేదు. మూడోసారి గట్టిగా అరిచి ఒక దీపం లాక్కున్నాను. వాడు రెండు చెవులూ మూసుకుని ముందుకీ వెనక్కీ ఊగుతూ కేకలు పెట్టాడు. అది మొండి ఏడుపు కాదని విన్న ఎవరికైనా తెలుస్తుంది. వాళ్ళమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. "అవనుక్కు పేచ్చు వరాదు అక్కా" అంది. వాడికి మాటలు రావక్కా అని. దీపాలన్నీ తీసి ఆమే అరలో సర్దింది, చిన్నది నుంచి పెద్దది దాకా, వాడు పెట్టిన వరసలోనే.

అప్పటినుంచి, పిలిస్తే పలకని బిడ్డ, శబ్దానికి చెవులు మూసుకునే బిడ్డ, ఒకే పని పదేపదే చేసే బిడ్డ కనిపిస్తే నేను గొంతు తగ్గిస్తాను. కీ బొమ్మల గోల ఆపుతాను. గుచ్చి గుచ్చి చూడను, వాళ్ళమ్మని ఏమిటని అడగను. మిగతావాళ్ళని ఆ పక్క నుంచి నడిపిస్తాను. పది నిమిషాలు ఒక అర మూసుకుపోతే మన వ్యాపారం మునిగిపోదు.

బొమ్మ కావాలని నేలమీద పడి దొర్లే పిల్లల గురించి అడగలేదు గానీ, రేపో మాపో అడుగుతావు. అప్పుడు నోరు మూసుకుని ఉండటమే పని. "ఏడవకు బాబూ, అమ్మ కొనిస్తుందిలే" అనొద్దు, ఆమె చేతిలో డబ్బు ఎంతుందో నీకు తెలియదు. "పోనీ యాభై తగ్గిస్తా మేడమ్" అని అసలే అనొద్దు. మీ ఓనరు అనమంటాడు. ఒకసారి అమ్ముడవుతుంది, కానీ ఆ తల్లి మళ్ళీ తిరుపతి వచ్చినప్పుడు మన కొట్టు దాటి పోయేదాకా బిడ్డ కళ్ళు మూసి నడిపిస్తుంది. ఈ మాట నాతో ఒక కోలారు ఆమె నవ్వుతూనే చెప్పింది.

ఊరి పిల్లల లెక్క వేరు. సాయంత్రం నాలుగున్నరకి స్కూలు వదలగానే ఐదారుగురు గుంపుగా వస్తారు. ఇద్దరు ధర అడుగుతుంటే ముగ్గురు స్టిక్కర్లు జేబులో వేస్తారు. వీళ్ళకి అలసట లేదు, మహా తెలివి ఉంది. వీళ్ళకి మందు ఒక్కటే, పేర్లు తెలుసుకోవడం. "ఏం నాయనా, నిన్న కొన్న బొంగరం తిరుగుతోందా?" అని పేరు పెట్టి పలకరించిన పిల్లోడు ఆ కొట్టులో దొంగతనం చేయడానికి వెనకాడతాడు. దొరికితే బ్యాగు నువ్వు వెతకొద్దు. పక్కకి పిలిచి "అది అక్కడ పెట్టేసెయ్, ఎవరికీ చెప్పను" అంటే చాలు, మళ్ళీ చేస్తే ఇంట్లో చెబుతానను. మా వీధిలోనే ఒక కొట్టువాళ్ళు సీసీ కెమెరాలో పట్టుబడిన పిల్లోడి వీడియో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టారు. వాడు నెలరోజులు బడికి పోలేదు. ఏడేళ్ళలోపు బిడ్డ ఏం చేసినా నేరం కిందికి రాదని చట్టమే చెబుతుంది, భారతీయ న్యాయ సంహితలో 20వ సెక్షన్. అంతకంటే పెద్ద పిల్లలైనా, కేసుదాకా పోతే పేరు, మొహం బయటపెట్టకూడదని 2015 బాల న్యాయ చట్టంలో ఉంది, పెడితే శిక్ష పెట్టినవాడికి. యాభై రూపాయల స్టిక్కరుకి అంత అవసరమా?

గంగజాతరలో మాత్రం ఈ సూత్రాలేవీ పనిచేయవు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వారంలో, బండవేషం రోజున ఒళ్ళంతా కుంకుమ పూసుకున్న పిల్లలు కొట్టు ముందు నిలబడి బూతులు తిడతారు. నువ్వు ఈ ఊరి పిల్లవైతే నీకు చెప్పక్కర్లేదు. కొత్తదానివైతే విను, అది మొక్కు, అది ఆచారం, తిట్టించుకుని చిల్లర ఇచ్చి దండం పెట్టు. పక్కింటి పిల్లోడు ఏడాదంతా దాచుకున్న కసి ఆ రోజు తీర్చుకుంటాడు. ఏం చేస్తాం.

రెండు విషయాల్లో మాత్రం ఏ నెలలోనూ అజాగ్రత్త వద్దు. మొదటిది బటన్ సెల్. లైటు వెలిగే ఉంగరాలు, కీచైన్లు, లేజర్ లైట్లలో ఉండే బిళ్ళ బ్యాటరీ. బిడ్డ మింగితే, అది గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. మింగాడని అనుమానం వచ్చినా వాంతి చేయించొద్దు, చూద్దాంలే అనొద్దు, ఆటో ఎక్కించి రుయా ఆసుపత్రికి పంపు. మూతకి స్క్రూ లేని బొమ్మలు బుట్టలో, కింది అరలో ఉండకూడదు. 2021 జనవరి 1 నుంచి బొమ్మల మీద ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, లేని స్టాకు వస్తే ఓనరుకి చూపించు.

రెండోది తప్పిపోయిన పిల్లలు. బ్రహ్మోత్సవాలప్పుడు, ఎండాకాలం సెలవుల్లో ఏడుస్తూ ఒక బిడ్డ మన గడపలో నిలబడటం మామూలే. వాళ్ళ వాళ్ళని వెతుకుదామని చెయ్యి పట్టుకుని వీధిలో తిరగొద్దు. వాళ్ళు వెనక్కి వెతుక్కుంటూ వచ్చేది చివరిసారి చూసిన చోటికే. గుమ్మం దగ్గర కనిపించేలా కూర్చోబెట్టి, 112కో, పిల్లల సాయం నంబరు 1098కో ఫోన్ చెయ్యి. ఎవరైనా వచ్చి "మా బిడ్డే" అంటే వెంటనే అప్పగించొద్దు. ఫోన్‌లో బిడ్డ ఫోటో చూపించమను, బిడ్డ వాళ్ళని చూసి ఏం చేస్తుందో చూడు. ఒకాయన ఈ మాటకి నామీద ఎగిరాడు. వాళ్ళ ఆవిడ వెనకనుంచి వచ్చి నా చేతులు పట్టుకుంది.

ఇక నీ 650. పాత 1936 వేతనాల చట్టంలోనైనా, 2019 వేతనాల కోడ్‌లోనైనా ఒకటే మాట: సరుకు పాడైతే జీతంలో కోయాలంటే అది నీకు అప్పగించిన సరుకై ఉండాలి, నీ నిర్లక్ష్యం వల్లనే పాడై ఉండాలి, కోసేముందు నీ మాట వినాలి. కొనుగోలుదారు బిడ్డ పగలగొట్టిన బొమ్మకి నీ జీతం కోయడం న్యాయం కాదు. అలాగని సెక్షన్లు పట్టుకుని గల్లా ముందు నిలబడకు, రెండు నెలల ఉద్యోగానివి. పొద్దున గిరాకీ లేని పూట "అన్నా, గాజు బొమ్మలు కింద అరలో ఉన్నాయి, పైకి పెడదామని అడగడానికి వచ్చాను" అని మొదలుపెట్టి, ఆ మాట చివర్లో కోత సంగతి ఎత్తు. నేను ఒకసారి అలా అడిగి సగం వెనక్కి తెచ్చుకున్నాను. సగమే. మిగతా సగం ఇప్పటికీ గుర్తుంది, చూడు.

కూర్చోవడానికి ఒక స్టూలు కూడా అప్పుడే అడుగు. కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో కొట్లలో పనిచేసేవాళ్ళకి కూర్చునే హక్కు చట్టంలోకి వచ్చింది. మనం ఇంకా గోడకి ఆనుకుంటున్నాం. ఇది వేరే సంగతి అనుకోకు. పొద్దున పదిన్నరకి ఎనిమిది మంది పిల్లల్ని నవ్వుతూ సంభాళించినదాన్ని, రాత్రి ఎనిమిదికి ఒక్కడు గంట మోగిస్తే విసుక్కున్నాను. పిల్లలు మారలేదు, నా కాళ్ళు వాచాయి. నువ్వు ఆ బాబు చెయ్యి పట్టుకున్నది ఏ టైముకో రాయలేదు. సాయంత్రం ఆరు దాటాకే అయ్యుంటుందని నా అనుమానం.

ఈ పని నీ వల్ల అవుతుందా అంటే, జరిగినదాన్ని దాచకుండా చెయ్యి పట్టుకున్నానని కూడా రాశావు, నాకు అది నచ్చింది. శనివారం నుంచి రద్దీ మొదలవుతుంది. ఈలోపు వెదురు బుట్ట ఒకటి కొను, వంద లోపే దొరుకుతుంది. కన్ను లేని కుందేలు మా దగ్గర ఇంకా రెండు ఉన్నాయి, కావాలంటే వచ్చి తీసుకుపో.